హెంప్ పరిశోధనకు అమెరికాలో లైసెన్స్ తీసుకోవడం ఎలా?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో సస్య, జన్యు, రసాయన శాస్త్రాల్లో పనిచేస్తున్న తెలుగు పరిశోధకుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: “మేము హెంప్ పెంచేది పరిశోధన కోసమే, గింజ కూడా అమ్మం. అయినా లైసెన్స్ కావాలా?”

కావాలి. పరిశోధన సంస్థలకు చట్టం ఇచ్చిన వెసులుబాటు పరీక్షకు మొక్కల నమూనా తీసే పద్ధతి విషయంలోనే. లైసెన్స్, పొలం వివరాల నమోదు, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే రసాయనం) పరిమితి దాటిన మొక్కల ధ్వంసం, ఏటా పంపే నివేదిక, వీటిలో ఏదీ తప్పదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా పని చాలావరకు కాగితాలు సమకూర్చుకోవడమే.

గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2014 వ్యవసాయ చట్టం (సెక్షన్ 7606) కింద విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర వ్యవసాయ శాఖలు ప్రయోగాత్మకంగా హెంప్ పండించే వీలుండేది. స్థలాన్ని రాష్ట్ర వ్యవసాయ శాఖ ధ్రువీకరించి నమోదు చేస్తే సరిపోయేది. ఆ ఏర్పాటు 2022 జనవరి 1తో ముగిసింది. మీ విభాగం ఫైల్లో పాత నమోదు పత్రం ఉందని ఎవరైనా చూపిస్తే, అది ఇప్పుడు చెల్లదు. ప్రస్తుతం నడుస్తున్నది 2018 వ్యవసాయ చట్టం, దాని కింద అమెరికా వ్యవసాయ శాఖ (యుఎస్‌డీఏ) తెచ్చిన తుది నిబంధనలు. ఇవి 2021 మార్చి 22 నుంచి అమల్లో ఉన్నాయి.

హెంప్ గంజాయి జాతి మొక్కే. పొడి బరువులో టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే హెంప్, మించితే ఫెడరల్ చట్టం దృష్టిలో మరిజువానా. నిబంధనలన్నీ ఈ గీత చుట్టూ అల్లుకున్నవే.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- సంస్థ పూర్తి పేరు, ప్రధాన కార్యాలయ చిరునామా, యజమాని గుర్తింపు సంఖ్య (ఈఐఎన్)
- బాధ్యులైన ముఖ్య వ్యక్తుల పేర్లు, హోదాలు, ఈమెయిళ్లు
- ఆ వ్యక్తుల ఎఫ్‌బీఐ నేర చరిత్ర నివేదికలు
- పెంచబోయే ప్రతి పొలం, గ్రీన్‌హౌస్, గది చట్టబద్ధ వివరణ, అక్షాంశ రేఖాంశాలు
- విత్తనం ఎక్కడిదో చెప్పే పత్రాలు, ఆ రకానికి ఇంతకుముందు వచ్చిన పరీక్ష ఫలితాలు
- నమూనా పద్ధతిని వివరించే రాతప్రతి (5వ దశలో చూడండి)
- మీ విశ్వవిద్యాలయ పరిశోధన కార్యాలయం, న్యాయ విభాగం లిఖిత అనుమతి

చివరిదాన్ని చట్టం అడగదు. అయినా అదే మొదట తెచ్చుకోండి. లైసెన్స్ చేతికొచ్చాక న్యాయ విభాగం అభ్యంతరం చెబితే ఒక సాగు కాలం చేజారిపోతుంది.

1. లైసెన్స్ ఇచ్చేది ఎవరో తేల్చుకోండి

రాష్ట్రానికి యుఎస్‌డీఏ ఆమోదించిన సొంత హెంప్ నియంత్రణ ప్రణాళిక ఉంటే రాష్ట్ర వ్యవసాయ శాఖకు దరఖాస్తు చేయాలి. టెక్సస్, కెంటకీ ఇలాంటివి. సొంత ప్రణాళిక లేని రాష్ట్రాల్లో నేరుగా యుఎస్‌డీఏ దగ్గరే తీసుకోవాలి. నార్త్ కరొలైనా, విస్కాన్సిన్, హవాయి ఈ కోవలోకి వస్తాయి. పొలం ఆదివాసీ తెగల భూభాగంలో ఉంటే ఆ తెగ ప్రణాళిక వర్తిస్తుంది.

రెండు లైసెన్సులూ ఒకేసారి తీసుకోవలసిన పని లేదు. అయితే మీ కేంద్ర ప్రాంగణం ఒక రాష్ట్రంలో, పరిశోధన క్షేత్రం పక్క రాష్ట్రంలో ఉంటే లెక్కలోకి వచ్చేది మొక్క పెరిగే చోటు.

ఫెడరల్ నిబంధనల కంటే కఠినంగా ఉండే హక్కు రాష్ట్రాలకు ఉంది. రుసుములు, గడువులు, వేలిముద్రల పద్ధతి రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. పక్క రాష్ట్రంలోని మిత్రుడు పంపిన ఫారాల జాబితాను నమ్ముకోవద్దు. ఇక్కడ చెబుతున్నది యుఎస్‌డీఏ పద్ధతి. రాష్ట్ర ప్రణాళికలన్నింటికీ కనీస కొలత అదే.

2. దరఖాస్తు సంస్థ పేరిట పెట్టండి

యుఎస్‌డీఏ లైసెన్స్‌ను అమ్మడానికి గానీ, మరొకరికి బదలాయించడానికి గానీ వీల్లేదు. ప్రొఫెసర్ సొంత పేరిట తీసుకుంటే ఆయన ఉద్యోగం మారిన రోజున పొలంలోని మొక్కలకు లైసెన్స్ లేనట్టే. సంస్థ పేరిట ఉంటే బాధ్యుల వివరాలు సవరించుకుంటే సరిపోతుంది.

ముఖ్య వ్యక్తులు అంటే సంస్థపై కార్యనిర్వాహక అధికారం ఉన్నవారు. పొలం మేనేజరు, షిఫ్ట్ పర్యవేక్షకుడు ఆ నిర్వచనంలోకి రారు. కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిర్వచనం విశ్వవిద్యాలయాలకు అంత తేలిగ్గా ఒదగదు. డీన్ పేరు ఇవ్వాలా, ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడి పేరా అనే సందేహం అందరికీ వస్తుంది. మీకు మీరే తేల్చుకోకుండా లైసెన్స్ కార్యాలయానికి ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబును ఫైల్లో భద్రపరచండి. ఫోనులో చెప్పిన మాటకు తర్వాత ఆధారం ఉండదు.

3. ఎఫ్‌బీఐ నివేదిక సరైన సమయంలో తెప్పించండి

ఎఫ్‌బీఐ గుర్తింపు చరిత్ర నివేదికకు రుసుము 18 డాలర్లు. దరఖాస్తు సమర్పించే తేదీకి అది 60 రోజుల లోపుదై ఉండాలి. ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. శీతకాల సెలవుల్లో ఖాళీ దొరికిందని నివేదిక తెప్పించి, మిగతా కాగితాలు మార్చి చివరికి సిద్ధం చేస్తే నివేదికకు కాలం చెల్లిపోయి ఉంటుంది. పొలం పటాలు, న్యాయ విభాగం అనుమతి చేతికి వచ్చాకే వేలిముద్రలు ఇవ్వండి. ఎంపిక చేసిన తపాలా కార్యాలయాల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇస్తే ఫలితం త్వరగా వస్తుంది.

నియంత్రిత మాదక పదార్థాలకు సంబంధించిన తీవ్ర నేరంలో గత 10 ఏళ్లలో శిక్ష పడినవారు అనర్హులు. 2014 చట్టం కింద 2018 డిసెంబర్ 20కి ముందే హెంప్ పండించినవారికి, శిక్ష కూడా ఆ తేదీకి ముందుదే అయితే, మినహాయింపు ఉంది.

మీరు ఎఫ్-1, జె-1 లేదా హెచ్-1బి వీసాపై ఉంటే ఒక జాగ్రత్త. లైసెన్స్ పరిధిలో హెంప్‌తో పనిచేయడం చట్టబద్ధమే. గీత దాటిన పదార్థం మాత్రం ఫెడరల్ చట్టంలో మరిజువానా. రాష్ట్రంలో చట్టబద్ధమైన మరిజువానా పని కూడా పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకం ఇచ్చింది. అందుకే లైసెన్స్ నకలు, ప్రాజెక్టులో మీ పాత్ర ఏమిటో చెప్పే లేఖ, పరీక్ష ఫలితాల ప్రతులు మీ దగ్గర కూడా ఉంచుకోండి. అన్నీ ప్రొఫెసర్ దగ్గర ఉన్నాయిలే అనుకోవద్దు.

4. స్థలం వివరాలు తప్పు లేకుండా ఇవ్వండి

మొక్క పెరిగే ప్రతి చోటూ దరఖాస్తులో ఉండాలి. బయలు పొలాన్ని ఎకరాల్లోనూ, గ్రీన్‌హౌస్‌ను, లోపలి గదులను చదరపు అడుగుల్లోనూ చూపుతారు. భవనం మూడో అంతస్తులో ఉన్న చిన్న పెంపకపు గదిని చాలామంది మరిచిపోతారు. మొలకలు అక్కడ రెండు వారాలే ఉంటాయి కదా అనుకుంటారు. దాన్నీ చేర్చండి.

అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో రాయండి. అమెరికాలో రేఖాంశం ముందు ఋణ గుర్తు తప్పనిసరి. ఉదాహరణకు రాలీ నగరం 35.78, -78.64. ఆ చిన్న గీత వదిలేస్తే మీ పొలం కారకోరం పర్వతాల వైపు తేలుతుంది. సమర్పించే ముందు ఆ అంకెలనే ఆన్‌లైన్ పటంలో అతికించి ఉపగ్రహ చిత్రం చూడండి. గుర్తు పడవలసింది పొలం ద్వారం మీదో, విభాగం భవనం మీదో కాదు, మొక్కలుండే మడి మధ్యలో.

యుఎస్‌డీఏకి దరఖాస్తు ఆ శాఖ ఆన్‌లైన్ వేదికలో చేస్తారు. దీనికి రుసుము లేదు. లైసెన్స్ వచ్చాక అది జారీ అయిన సంవత్సరం తర్వాత మూడో ఏడాది డిసెంబర్ 31 దాకా చెల్లుతుంది. 2026లో వచ్చినది 2029 డిసెంబర్ 31 దాకా అన్నమాట. రాష్ట్ర లైసెన్సులు చాలాచోట్ల ఏడాదికే ముగుస్తాయి.

లైసెన్స్ సంఖ్య చేతికి రాకముందు ఒక్క గింజ కూడా నాటవద్దు. దరఖాస్తు పరిశీలనలో ఉందన్నది అనుమతి కాదు.

5. నమూనా పద్ధతి రాయండి

మామూలు రైతుకు నిబంధన ఇలా ఉంటుంది. కోతకు ముందు 30 రోజుల్లోపు అధీకృత ప్రతినిధి వచ్చి, పూత కొనల నుంచి అయిదు నుంచి ఎనిమిది అంగుళాల పొడవున ముక్కలు కత్తిరిస్తారు. ఆ 30 రోజుల్లో కోత పూర్తికాకపోతే మళ్లీ నమూనా తీయాలి.

ప్రయోగ క్షేత్రానికి ఇది కుదరదు. ఒకే మడిలో మూడు వేర్వేరు తేదీల్లో కోసి పోల్చాలనుకునే పరిశోధకుడు ప్రతినిధి కోసం ఎన్నిసార్లని ఎదురుచూస్తాడు? అందుకే పంట మార్కెట్లోకి వెళ్లని పరిశోధనకు ప్రత్యామ్నాయ పద్ధతి అనుమతించారు. షరతు ఏమిటంటే, మొక్కలు ఆమోదిత టీహెచ్‌సీ స్థాయిని దాటవని 95 శాతం విశ్వాస స్థాయిలో చెప్పగలిగేలా ఆ పద్ధతి ఉండాలి, దాన్ని నిజంగా అమలు చేయాలి.

రాతప్రతిలో కనీసం ఇవి ఉండాలని నా సలహా: ఏ లాటులో (ఒకే రకం పెరుగుతున్న ఒకే స్థలంలో) ఎన్ని మొక్కలు, వాటిలో ఎన్నింటి నుంచి నమూనా, మొక్కలను యాదృచ్ఛికంగా ఎంచే విధానం, పూత మొదలయ్యాక ఎన్ని రోజులకొకసారి పరీక్ష, ఎవరు కత్తిరిస్తారు, ఎవరు సంతకం చేస్తారు, ఏ ప్రయోగశాలకు పంపుతారు. నమూనా సంఖ్య లెక్కను మీ విభాగం గణాంక నిపుణుడితో వేయించి ఆయన సంతకం తీసుకోండి. “తగినన్ని మొక్కల నుంచి” అని రాస్తే ఆ రాతప్రతికి విలువ లేదు.

సంకరణ ప్రయోగాలు చేసేవారు ఇక్కడ ఇంకా జాగ్రత్తపడాలి. లాటు మొత్తానికి కలిపి తీసిన నమూనా సగటు చెబుతుంది. లక్షణాలు విడిపోతున్న తరంలో ఆ సగటు వెనుక ఎక్కువ టీహెచ్‌సీ మొక్కలు దాక్కుంటాయి. టీహెచ్‌సీ రకమా, సీబీడీ (మత్తు కలిగించని రసాయనం) రకమా అన్నది ప్రధానంగా ఒకే జన్యు స్థానంలో నిర్ణయమవుతుంది. మిశ్రమ జన్యువున్న మొక్కలను వాటిలో వాటికే సంకరిస్తే సంతతిలో దాదాపు నాలుగో వంతు టీహెచ్‌సీ రకం వస్తాయి. మొలక దశలోనే ఆకు ముక్కతో డీఎన్‌ఏ పరీక్ష చేయించి అలాంటివి ఏరివేయండి. పూతకొచ్చాక ఏరడం కంటే ఖర్చూ తక్కువ, తలనొప్పీ తక్కువ. శుద్ధమైన సీబీడీ రకంలోనూ పూత ముదిరేకొద్దీ సీబీడీతోపాటు టీహెచ్‌సీ కొంత పెరుగుతుందని మరవకండి.

ఈ వెసులుబాటు పంట బయటకు వెళ్లనంత వరకే. మిగిలిన గింజను నూనె మిల్లుకు అమ్మినా, పీచును కంపెనీకి ఇచ్చినా ఆ లాటు మామూలు నిబంధన కిందకు వస్తుంది. అలాంటి ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆ మడిని మొదటి నుంచీ వేరే లాటుగా చూపి, అధీకృత ప్రతినిధిని పిలిపించండి.

6. విత్తనం చట్టబద్ధంగా తెప్పించండి

విదేశీ విత్తనానికి ఆ దేశ ప్రభుత్వ సస్యారోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సామానులో నాలుగు గింజలు తేవడం లాంటి పని ఎట్టిపరిస్థితుల్లోనూ చేయవద్దు. జన్యు వైవిధ్యం కోసమన్న వాదన విమానాశ్రయంలో చెల్లదు. పైగా టీహెచ్‌సీ చరిత్ర తెలియని విత్తనం మీ లైసెన్స్‌నే ప్రమాదంలో పడేస్తుంది.

అమెరికాలోనే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి చట్టబద్ధమైన హెంప్ రవాణాను రాష్ట్రాలు అడ్డుకోకూడదని 2018 చట్టం చెబుతోంది. అయినా దారిలో ఆపిన అధికారికి మొక్కను చూసి తేడా చెప్పే వీలుండదు. లైసెన్స్ నకలు, పరీక్ష ఫలితం బండిలో ఉండాలి.

7. నాటాక ఎఫ్‌ఎస్‌ఏలో నమోదు చేయండి

చాలామంది ఈ దశ ఉందనే తెలియక వదిలేస్తారు. లైసెన్స్ వచ్చిందంటే పొలం నమోదైనట్టు కాదు. నాటిన విస్తీర్ణాన్ని మీ కౌంటీలోని వ్యవసాయ సేవా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఏ) కార్యాలయంలో విడిగా తెలియజేయాలి. లైసెన్స్ సంఖ్య, చిరునామా, స్థాన వివరాలు, ప్రతి లాటు విస్తీర్ణం ఇస్తే వారు లాటు సంఖ్యలు కేటాయిస్తారు.

లాటు అంటే ఒకే రకం పెరుగుతున్న ఒకే అవిచ్ఛిన్న స్థలం. పన్నెండు రకాలు పోల్చే ప్రయోగంలో దీన్ని ఎలా చూపాలో కార్యాలయానికి వెళ్లినప్పుడే అడగండి. మడుల పటం ముద్రించి తీసుకెళ్తే పని సులువవుతుంది. వారిచ్చిన సంఖ్యనే మడి దగ్గరి పలక మీద, నమూనా సంచి మీద, ప్రయోగశాల ఫారం మీద అక్షరం తేడా లేకుండా రాయండి. మీ ప్రయోగంలో వాడుకునే మడి సంఖ్య ఒకటి, ఫలితంలో లాటు సంఖ్య ఒకటి ఉంటే ఏ ఫలితం దేనిదో తనిఖీలో నిరూపించలేరు.

8. పరీక్ష ఫలితం మీరే చదవండి

నమూనాను అమెరికా మాదకద్రవ్య నియంత్రణ సంస్థ (డీఈఏ) వద్ద నమోదైన ప్రయోగశాలకు పంపండి. ఈ నిబంధన అమలు గడువును పలుమార్లు పొడిగించారు. ఆ పొడిగింపుల మీద ఆధారపడకుండా నమోదైన ప్రయోగశాలనే ఎంచుకోవడం మేలు. మీ సొంత ప్రయోగశాల అంకెలు పెరుగుదల గమనించడానికి పనికొస్తాయి. అధికారిక ఫలితంగా వాడాలంటే ముందే లిఖితంగా అనుమతి తీసుకోండి.

ఫలితంలో చూడవలసింది మొత్తం టీహెచ్‌సీ. లెక్క ఇది: డెల్టా-9 టీహెచ్‌సీ + (0.877 × టీహెచ్‌సీఏ). డెల్టా-9 అంటే మత్తు కలిగించే టీహెచ్‌సీ, టీహెచ్‌సీఏ దాని ముడిరూపం. వేడి తగిలి టీహెచ్‌సీఏ టీహెచ్‌సీగా మారేటప్పుడు బరువు కొంత తగ్గుతుంది కాబట్టి ఆ 0.877.

ఒక నమూనాలో డెల్టా-9 0.08 శాతం, టీహెచ్‌సీఏ 0.30 శాతం ఉన్నాయనుకుందాం. మొత్తం 0.08 + 0.263 = 0.343. గీత దాటినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు ప్రయోగశాల ఇచ్చిన కొలత అనిశ్చితి చూడండి. అది ±0.05 అయితే పరిధి 0.293 నుంచి 0.393. ఈ పరిధిలో 0.3 ఉంది కాబట్టి లాటు ఆమోదయోగ్యం. అదే అనిశ్చితి ±0.03 అయితే పరిధి 0.313 నుంచి మొదలవుతుంది, లాటు తప్పినట్టే.

ఫలితం రాగానే ఈ నాలుగూ సరిచూడండి:
- అంకె పొడి బరువు మీద ఇచ్చారా?
- మొత్తం టీహెచ్‌సీ ఇచ్చారా, డెల్టా-9 ఒక్కటే ఇచ్చారా?
- అనిశ్చితి అంకె ఉందా? లేకపోతే నివేదిక తిప్పి పంపండి.
- లాటు సంఖ్య మీ ఎఫ్‌ఎస్‌ఏ సంఖ్యతో సరిపోయిందా?

9. పరిమితి దాటితే

కంగారు పడవద్దు, దాచవద్దు. ఆ లాటును మిగతావాటి నుంచి విడదీయండి. దున్నేయడం, ముక్కలు చేసి కంపోస్టు వేయడం, లోతుగా పూడ్చడం, కాల్చడం వంటి పద్ధతుల్లో పొలంలోనే ధ్వంసం చేయవచ్చు. లేదా పూత భాగాన్ని తీసి నాశనం చేయడం, మొక్క మొత్తాన్ని తునకలు చేసి మళ్లీ పరీక్షించడం అనే మార్గాలున్నాయి. పరిశోధన సంస్థలకు నమూనాలో వెసులుబాటు ఉన్నా ధ్వంసం చేయడంలో, దాన్ని నివేదించడంలో లేదు. తేదీ వేసిన ఫొటోలు తీసి ఉంచండి.

తగిన జాగ్రత్తలు తీసుకున్నా పరిమితి దాటి, ఫలితం 1 శాతం లోపే ఉంటే దాన్ని నిర్లక్ష్యంగా పరిగణించరు. అయిదేళ్లలో మూడుసార్లు నిర్లక్ష్య ఉల్లంఘన నమోదైతే అయిదేళ్లపాటు హెంప్ పండించే అర్హత పోతుంది.

“గీత దాటిన మొక్కలే నా పరిశోధనకు కావాలి” అనేవారికి ఈ లైసెన్స్ చాలదు, డీఈఏ నమోదు వేరుగా కావాలి. ప్రయోగశాలలో సారం తీసేవారికీ ఇదే హెచ్చరిక. మొక్క పరీక్షలో నెగ్గినా, సారాన్ని గాఢపరిచేటప్పుడు మధ్య దశలో టీహెచ్‌సీ 0.3 దాటితే ఆ సీసాలో ఉన్నది నియంత్రిత పదార్థమే. 2020 ఆగస్టులో డీఈఏ ఈ సంగతి స్పష్టం చేసింది. సారం పని మొదలుపెట్టే ముందే విశ్వవిద్యాలయ నియంత్రిత పదార్థాల అధికారితో మాట్లాడండి.

10. నివేదిక, రికార్డులు

ఏటా డిసెంబర్ 15 లోగా వార్షిక నివేదిక పంపాలి: నాటినది, కోసినది, ధ్వంసం చేసినది లేదా సరిచేసినది ఎంత అని. ఆ ఏడాది ఏమీ నాటకపోయినా వదిలేయకుండా సున్నా అంకెలతో పంపండి. రికార్డులు మూడేళ్లు ఉంచాలి.

2026 నవంబర్ మార్పు

2025 నవంబర్ 12న సంతకమైన వ్యయ చట్టం హెంప్ నిర్వచనాన్నే మార్చింది. ఏడాది తర్వాత అది అమల్లోకి వస్తుంది. ఇకపై నిర్వచనంలోనే టీహెచ్‌సీఏతో కలిపిన మొత్తం టీహెచ్‌సీని లెక్కిస్తారు. పరిమితి దాటిన మొక్క నుంచి వచ్చిన, మొలకెత్తగల విత్తనం హెంప్ కాదు. ఇప్పటిదాకా విత్తనాన్ని విడిగా చూసి అందులో టీహెచ్‌సీ లేదు కదా అనేవారు. ఆ వాదన ఇక నిలవదు. మీ విత్తన నిల్వలో ప్రతి సంచికీ తల్లి మొక్క పరీక్ష ఫలితం జతచేసి ఉందా అని ఇప్పుడే చూసుకోండి. లేనివాటి జాబితా రాసి లైసెన్స్ కార్యాలయాన్ని సంప్రదించండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి అడుగుతున్నవారికి

పైన చెప్పినదేదీ భారతదేశంలో చెల్లదు. ఇక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) వర్తిస్తుంది. పీచు, విత్తనం కోసం లేదా ఉద్యాన అవసరాలకు గంజాయి మొక్క సాగును ప్రభుత్వం సాధారణ లేదా ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతించవచ్చని సెక్షన్ 14 చెబుతోంది. ఆ దారిలో ఉత్తరాఖండ్ 2018లో లైసెన్స్ ఇచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయంతో ఉమ్మడి ప్రాజెక్టు ఉన్నా, వారి లైసెన్స్ మీ పొలానికి వర్తించదు. మీ రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు చేతికి రానిదే మొక్క నాటితే, అది పరిశోధన కోసమైనా సరే, నేరమే అవుతుంది.